అడుగు తడబడక ముందే

సింగరేణిలో బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. దానికి నూరేళ్లు నిండిన గుర్తు సెంటినరీ కాలనీ పేరులోనే ఉంది. ఆ రోజుల్లో, అంటే 1989 ప్రాంతంలో, పాతికేళ్ల వయసులో బాయి పనికి చేరిన యువకుడికి ఇప్పుడు అరవై దాటాయి. అలా చేరినవాళ్లలో చాలామంది రిటైరయ్యారు. కొందరు క్వార్టర్ ఖాళీ చేసి గోదావరిఖనిలోనో, మంథనిలోనో, పెద్దపల్లిలోనో కట్టుకున్న ఇంటికి మారారు. కొందరు కొడుకు ఉద్యోగంలో ఉండటంతో కాలనీలోనే ఉండిపోయారు. ఎక్కడ ఉన్నా ఇలాంటి ఇళ్లలో ఏదో ఒక రోజు వినాల్సి వస్తున్న మాట ఒకటుంది: "బాపు బాత్రూంలో జారి పడ్డడు. తుంటి ఎముక విరిగిందట."

ముప్పై అయిదేళ్లు చీకట్లో, వాలు దారుల్లో, తడి నేల మీద, పట్టాల మధ్య నడిచిన మనిషి ట్యూబులైటు వెలుగులో, సొంతింటి టైల్స్ మీద ఎందుకు పడిపోతున్నాడు? వయసు మీద పడిందని సరిపెట్టుకుంటాం. అది సగం నిజమే. మిగతా సగం ఏమిటంటే, బాయిలో ఉన్నన్నాళ్లూ ఆ కాళ్లకు రోజూ సాధన దొరికింది. ఇంటికొచ్చాక అది ఆగిపోయింది.

గనుల్లో శిక్షణ లేకుండా ఎవరినీ పనిలోకి దించరు. 1966 నాటి మైన్స్ వొకేషనల్ ట్రైనింగ్ రూల్స్ ప్రకారం చేరేటప్పుడు శిక్షణ, మధ్యమధ్యలో రిఫ్రెషర్ తప్పనిసరి. కొన్నేళ్లకోసారి వైద్య పరీక్షలు చేస్తారు. ఏటా రక్షణ పక్షోత్సవాలు జరుపుతారు. రిటైరైన మర్నాటి నుంచి ఇవేవీ ఉండవు. శరీరం పట్టు తప్పడం మొదలయ్యేది మాత్రం సరిగ్గా ఆ వయసులోనే. ఈ వారం మేం మీకు చెప్పదలచుకున్నది ఇదే: నిలబడటం, తిరగడం, కుర్చీలోంచి లేవడం కూడా నైపుణ్యాలే. వాడకపోతే మొద్దుబారతాయి. సాధన చేస్తే డెబ్భై, ఎనభై ఏళ్ల వయసులోనూ మెరుగవుతాయి. మనిషికి రిఫ్రెషర్ ట్రైనింగ్ అసలు అవసరమయ్యేది రిటైరయ్యాకే.

పట్టు ఎక్కడుంది?

మనం పడకుండా నిలబడటానికి మూడు చోట్ల నుంచి మెదడుకు కబురు అందుతుంది. మొదటిది కళ్లు. రెండోది లోపలి చెవి. అక్కడ ఒక్కో వైపు మూడేసి అర్ధవృత్తాకార నాళాలుంటాయి. తల ఎటు తిరిగిందీ, ఎంత వేగంగా తిరిగిందీ అవి చెబుతాయి. మూడోది అరికాళ్లు, మడమలు, మోకాళ్లలోని నాడులు. కింద నేల గట్టిదా, మెత్తదా, వాలుగా ఉందా అన్నది అవి పసిగడతాయి. ఈ మూడింటినీ కలిపి చూసుకుని, ఏ కండరం ఎంత బిగించాలో మెదడు క్షణంలో తేలుస్తుంది. ఒకదాని కబురు సరిగా అందకపోతే మిగతా రెండూ ఆ లోటు పూడుస్తాయి. క్యాప్ ల్యాంపు వెలుగు పడినంత మేరే కనిపించే బాయిలో కార్మికుడు కళ్లతో పాటు అరికాళ్లనూ అంతగా నమ్ముకుని నడిచాడు.

వయసు పెరిగేకొద్దీ ఈ మూడూ కొద్దికొద్దిగా మందగిస్తాయి. కళ్లలో శుక్లాలు వస్తాయి. షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పితే అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది. తొడల్లో, పిక్కల్లో కండ కరుగుతుంది. పడుకుని లేచినప్పుడు కొందరికి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. నిద్రమాత్రలు, కొన్ని బీపీ మందులు, మద్యం దీనికి తోడవుతాయి. రాత్రి రెండింటికి మూత్రానికి లేచిన పెద్దాయన విషయంలో ఇవన్నీ ఒకేసారి కలిసి వస్తాయి. లైటు వేయడు. నిద్రమత్తు వదలదు. బాత్రూం నేల తడిగా ఉంటుంది. అక్కడ కాలు జారితే తమాయించుకోవడానికి అర సెకను కూడా దొరకదు. ఆ అర సెకనులో కాలు ముందుకు వేసి నిలదొక్కుకునే చురుకుదనం కావాలి. సాధనతో పెంచుకోవాల్సింది దాన్నే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ తగిలే గాయాల వల్ల వచ్చే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. అరవై దాటినవారిలోనే ఇవి ఎక్కువ. ఈ మరణాల్లో 80 శాతానికి పైగా మనలాంటి అల్ప, మధ్యాదాయ దేశాల్లోనే జరుగుతున్నాయి. తుంటి విరిగితే ఆపరేషన్‌తో కథ ముగియదు. మంచాన పడితే కండ కరుగుతుంది, పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు. చాలామంది మునుపటిలా నడవలేరు. ఇంట్లో ఒకరు ఉద్యోగం మానుకునో, సెలవు పెట్టో దగ్గర కూర్చోవాల్సి వస్తుంది. ఆ ఒక్కరు చాలా ఇళ్లలో కోడలో, కూతురో.

ప్రేమతోనే కూర్చోబెడుతున్నాం

"బాపూ, నువ్వు కూసో. నీళ్లు నేను తెస్త." "అత్తమ్మా, మీరు లేవకుండ్రి. ముగ్గు నేను వేస్త." మన ఇళ్లలో రోజూ వినిపించే మాటలివి. వీటిలో ప్రేమ ఉంది, గౌరవం ఉంది. కానీ ఇవే పెద్దల కాళ్ల నుంచి పని లాక్కుంటున్నాయి. కూరగాయల సంచి మోయడం, మెట్లెక్కి ఆరిన బట్టలు తేవడం, వంగి చీపురు అందుకోవడం, మొక్కలకు నీళ్లు పోయడం, ఇవన్నీ ఒళ్లు తెలియకుండా చేసుకుంటున్న వ్యాయామాలే. ఒక్కొక్కటిగా మాన్పించేస్తే కుర్చీ, మంచం, టీవీ మిగులుతాయి.

ఒకసారి పడినవాళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. మళ్లీ పడతానేమోనన్న భయం వాళ్లకు, పడతారేమోనన్న భయం మనకు. దాంతో కదలిక తగ్గుతుంది. తగ్గినకొద్దీ కాళ్లు బలహీనపడతాయి. బలహీనపడ్డ కాళ్లే మళ్లీ పడేస్తాయి. ఈ చక్రాన్ని తెంచాలంటే పెద్దవాళ్లను కూర్చోబెట్టడం కాదు, పక్కన నిలబడి కదిలించడం కావాలి.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. బాయి పని చేసినవాళ్లకు కనీసం రిటైర్మెంట్ తేదీ ఉంటుంది. ఇంటి పని చేసిన అమ్మకు అదీ లేదు. నెలసరి ఆగాక ఆమె ఎముకలు వేగంగా పలచబడతాయి. అదే జారుడు, అదే దెబ్బ, ఆమెకు ఎముక విరిగే ప్రమాదం ఎక్కువ. అయినా "వ్యాయామం" అనగానే ఇంట్లో గుర్తొచ్చేది నాన్నే తప్ప అమ్మ కాదు.

నడక ఒక్కటే చాలదు

"మా నాన్న రోజూ స్టేడియంలో మూడు రౌండ్లు నడుస్తారు. ఇంకేం కావాలి?" అని మీరు అడగవచ్చు. సెంటినరీ కాలనీలోని రాణి రుద్రమదేవి స్టేడియంలోనైనా, మీ వీధి చివరి పార్కులోనైనా పొద్దుటి నడక గుండెకు, షుగర్‌కు, మనసుకు ఎంతో మేలు. దాన్ని మానవద్దు. కానీ చదునైన దారిలో అలవాటైన వేగంతో నడవడం శరీరపు పట్టును పెద్దగా పరీక్షించదు. పరీక్ష పెట్టనిదే అది పెరగదు.

2019లో కోక్రేన్ సంస్థ 25 దేశాల్లో జరిగిన 108 పరిశోధనలను కలిపి చూసింది. వాటిలో 23 వేల మందికి పైగా పెద్దలు పాల్గొన్నారు. వ్యాయామం చేసినవాళ్లలో పడిపోయే ఘటనలు 23 శాతం తగ్గాయి. నిలకడ సాధనకు కండబలం పెంచే వ్యాయామాలు కూడా తోడైనప్పుడు తగ్గుదల 34 శాతం దాకా కనిపించింది. కేవలం నడక వల్ల పడిపోవడం తగ్గుతుందని మాత్రం ఆ సమీక్ష గట్టిగా చెప్పలేకపోయింది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు 65 దాటినవాళ్లు నడకలాంటి వ్యాయామంతో పాటు వారానికి కనీసం మూడు రోజులు నిలకడ, బలం పెంచే సాధన చేయాలని సూచిస్తున్నాయి.

దీనికి జిమ్ అక్కర్లేదు. ఆస్ట్రేలియాలో డెబ్భై దాటి, అంతకుముందు పడిపోయిన అనుభవం ఉన్న 317 మందిపై చేసిన ఒక పరిశోధన 2012లో వెలువడింది. అందులో ఒక బృందానికి విడిగా వ్యాయామ సమయం పెట్టలేదు. రోజువారీ పనుల్లోనే నిలకడ సాధనను, బలం పెంచే కదలికలను కలిపి నేర్పారు. ఆ బృందంలో పడిపోవడం 31 శాతం తగ్గింది. వంటింట్లో నిలబడి చేసుకోగల సాధన ఇది.

ముందు ఇంట్లోనే ఓ పరీక్ష

ఈ ఆదివారం ఇంట్లోని పెద్దలతో మూడు చిన్న పరీక్షలు చేయించండి. మీరు పక్కనే, చేయి అందేంత దూరంలో నిలబడండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. గట్టి చెక్క కుర్చీని గోడకు ఆనించి వేయండి.

మొదటిది: చేతులు ఛాతీకి అడ్డంగా కట్టుకుని, 30 సెకన్లలో కుర్చీలోంచి పూర్తిగా లేచి కూర్చోవడం ఎన్నిసార్లు వీలవుతుందో లెక్కపెట్టండి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం వాడే కొలత ప్రకారం 65 నుంచి 69 ఏళ్ల మగవాళ్లు 12 కంటే తక్కువసార్లు, ఆడవాళ్లు 11 కంటే తక్కువసార్లు లేస్తే పడే ముప్పు ఎక్కువని అర్థం.

రెండోది: ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు తగిలేలా, రెండూ ఒకే గీత మీద ఉంచి నిలబడమనండి. పట్టు లేకుండా పది సెకన్లు నిలవలేకపోతే జాగ్రత్తపడాల్సిందే.

మూడోది: కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. దీనికి 12 సెకన్లు, అంతకు మించి పడితే పడే ముప్పు ఉన్నట్టే.

పరీక్షలో తప్పామని పెద్దలు చిన్నబోనక్కర్లేదు. ఇది ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పే గుర్తు మాత్రమే. ఆ అంకెలను క్యాలెండర్ మీద రాసిపెట్టండి. రెండు నెలల తర్వాత మళ్లీ చూసుకోవడానికి పనికొస్తాయి.

పనుల్లోనే సాధన

పాలు పొంగే లోపు వంటగట్టును పట్టుకుని మడమలు పైకెత్తి పది లెక్కపెట్టండి. దించి, ఈసారి వేళ్లు పైకెత్తండి. పళ్లు తోముకునేటప్పుడు సింకును ఒక చేత్తో పట్టుకుని కాసేపు ఒంటికాలిపై నిలబడండి, తర్వాత కాలు మార్చండి. హాల్లోంచి వంటింటికి వెళ్లేటప్పుడు గోడ పక్కగా, ఒక పాదం ముందు మరో పాదం ఆనిస్తూ గీత మీద నడిచినట్టు నడవండి. కిటికీ ఊచలు పట్టుకుని పక్కకు పది అడుగులు, మళ్లీ ఇటు పది అడుగులు వేయండి. టీవీలో ప్రకటన వచ్చినప్పుడల్లా చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోండి.

ఇందులో కీలకం ఒకటుంది. సాధన తేలిగ్గా అనిపిస్తే ఫలితం రాదు. కొంచెం ఊగాలి, పడకూడదు. మొదటి వారం రెండు చేతులతో పట్టుకోండి. అలవాటయ్యాక ఒక చేయి, ఆ తర్వాత రెండు వేళ్లు, చివరికి చేయి ఆనించకుండా, కానీ ఆసరా అందేంత దగ్గరలో ఉండి చేయండి. ఆ తర్వాత తలను నెమ్మదిగా కుడికీ ఎడమకూ తిప్పుతూ చేయండి. మాట్లాడుతూ చేయండి. బజారులో మనం నడిచేది అలాగే కదా, ఒక చేతిలో సంచి, నోట్లో మాట, ఎదురుగా ఆటో. ఆర్టీసీ బస్సు మెట్టు ఎక్కడమూ ఒంటికాలిపై నిలబడటమే. ఇంటి మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టి ఎక్కి దిగడం దానికి మంచి సాధన.

మన ఆచారాల్లోనే కొంత సాధన దాగి ఉంది. బతుకమ్మ చుట్టూ ఆడేటప్పుడు పక్కకు అడుగు వేస్తారు, కొద్దిగా వంగుతారు, చప్పట్లు కలుపుతారు, పాట అందుకుంటారు. కాలు, చేయి, నోరు, చెవి ఒకే లయలో పనిచేస్తాయి. నిలకడ సాధనలో కోరుకునేది సరిగ్గా ఇదే. పండుగ తొమ్మిది రోజులతో ఆపకుండా, మోకాళ్లు సహకరించేవాళ్లు సాయంత్రం పది నిమిషాలు వాడకట్టులో నలుగురు కలిసి ఆడితే ఎవరు వద్దంటారు?

ఒక్కరోజు గంటసేపు చేసి వారమంతా మానేయడం కంటే రోజూ ఇరవై, ముప్పై నిమిషాలు అక్కడక్కడ చేసుకోవడం మేలు. ఫలితం వారంలో కనిపించదు. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. మానేస్తే వచ్చిన పట్టు మళ్లీ సడలుతుందన్నదీ గుర్తుంచుకోవాలి.

డాక్టరును ముందు కలవాల్సింది ఎవరు?

ఏడాదిలో రెండుసార్లు పడినవాళ్లు, పడి లేవలేకపోయినవాళ్లు, లేవగానే కళ్లు తిరిగేవాళ్లు, పక్షవాతం, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు, అరికాళ్లలో స్పర్శ తెలియనివాళ్లు, ఈమధ్యే కంటి ఆపరేషన్ గానీ మోకీలు మార్పిడి గానీ జరిగినవాళ్లు సొంతంగా మొదలుపెట్టకూడదు. డాక్టరును, ఫిజియోథెరపిస్టును కలిసి తమకు తగిన కదలికలు నేర్చుకోవాలి. సాధనలో ఛాతీనొప్పి, ఆయాసం, తల తిరుగుడు వస్తే వెంటనే ఆపాలి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి చూపించండి. పడుకున్నప్పుడు, నిలబడ్డప్పుడు బీపీ విడివిడిగా చూడమని అడగండి. కళ్లూ చూపించండి. అంతేకానీ ఏ మాత్రనూ సొంతంగా ఆపవద్దు.

ఇంటినీ కొంచెం సర్దాలి. బాత్రూంలో గోడకు గట్టి స్టీలు కడ్డీ బిగించండి. తువ్వాలు ఆరేసే కడ్డీ మనిషి బరువు ఆపదు. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా ఒక చిన్న బల్బు వెలగనివ్వండి. జారే డోర్ మ్యాట్, అరిగిన స్లిప్పర్లు, నేలకు జీరాడే లుంగీ, దారిలోని చార్జర్ తీగ తీసేయండి. రాత్రి లేచినప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, ఆ తర్వాతే నిలబడమని చెప్పండి. ఈ జాగ్రత్తలు సాధనకు తోడు మాత్రమే, దానికి బదులు కావు.

కాలనీ చేయగల పని

రిటైరైనవాళ్లకు మెడికల్ కార్డు ఉంది. జబ్బు చేస్తే, ఎముక విరిగితే అది అక్కరకొస్తుంది. ఆ అక్కర రాకుండా చూసుకోవడానికి కార్డు కాదు, వారానికి రెండు మూడు గంటల తరగతి కావాలి. అది పెద్ద ఖర్చు కాదు. కాలనీల్లో మైదానాలున్నాయి, కమ్యూనిటీ హాళ్లున్నాయి, ఏరియా ఆస్పత్రులున్నాయి. కార్మికుల కుటుంబాలకు రకరకాల శిక్షణలు ఇప్పించే సింగరేణి సేవా సమితి ఉంది. రిటైరైనవారి సంఘాలున్నాయి. ఒక ఫిజియోథెరపిస్టు నెలకోసారి వచ్చి నేర్పితే, మిగతా రోజుల్లో పెద్దలే ఒకరికొకరు చేయించుకోగలరు. షిఫ్టుకు ముందు పదిమందిని కూడగట్టి జాగ్రత్తలు చెప్పిన ఓవర్‌మెన్‌లు, సర్దార్లు ఎందరో ఈ కాలనీల్లోనే రిటైరై ఉన్నారు. బృందాన్ని నడపడం వాళ్లకు కొత్తగా నేర్పాలా?

ఏటా జరిగే రక్షణ పక్షోత్సవాల్లో రిటైరైనవాళ్లకూ, వాళ్ల భార్యలకూ ఒక పూట కేటాయించి ఈ మూడు పరీక్షలు చేయిస్తే బాగుంటుంది. డిసెంబర్ 23 సింగరేణి దినోత్సవాన సన్మానం చేసి శాలువా కప్పడం మంచిదే. ఆ శాలువా కప్పుకుని పెద్దాయన తన కాళ్ల మీద తానే ఇంటికి నడిచి వెళ్లేలా చూడటం అంతకంటే మంచిది. గని గేటు లోపల మనిషి ప్రాణానికి విలువ ఇచ్చే సంస్థ, గేటు దాటి వెళ్లిపోయిన మనిషి కాలికీ ఆ విలువ ఇవ్వాలని కోరుకోవడం అత్యాశ కాదు.

ఇది సింగరేణి కుటుంబాలకే పరిమితమైన మాట కాదు. బ్యాంకులో, బడిలో, పొలంలో, మగ్గం మీద పనిచేసి ఇప్పుడు ఇంట్లో కూర్చున్న ప్రతి తల్లికీ తండ్రికీ వర్తిస్తుంది. సంస్థలు కదిలే దాకా ఆగాల్సిన పనీ లేదు. ఇవాళ సాయంత్రం టీ గ్లాసు అమ్మ చేతికి అందించడానికి ముందు, "లే అమ్మా, ఇద్దరం కలిసి వంటగట్టు పట్టుకుని పది లెక్కపెడదాం" అనండి. మీకూ నలభై దాటే ఉంటాయి. ఆ పది మీకూ అవసరమే.